శుభలేఖ ప్యాకింగు

నా పెండ్లి రోజు నేను చేసిన ఘనకార్యం చెప్తే మీరు నవ్వుతరు. నవ్వుండ్రి, ఫరక్ లేదు. ఎంత నవ్వినా మా ఇంట్లోళ్లంత నవ్వలేరు. ఒక్క మాట మాత్రం ముందే చెప్తున్న, ఇందుల మూర్ఖత్వం ఎంతున్నదో పనితనం గూడ అంతే ఉన్నది. రెండూ నావే.

ఎనభైల నాటి సంగతి. చర్ల అవతల మా ఊర్ల పికప్ బండి ఉన్నది నా ఒక్కనికే. పాల్వంచల ఓ మెకానిక్ ఉస్తాద్ కాడ ఆర్నెల్లు పానాలు పట్టి వచ్చిన. ఇంజన్ చప్పుడు వింటే రోగం చెప్తనని ఊరంత డప్పు కొట్టుకునేటోన్ని. "ముందు తుడిచి చూడర బై, విప్పుడు ఆఖరికి" అని ఉస్తాద్ మొత్తుకునేటోడు. తుడుచుడు గూడ ఒక పనేనా అనుకునేటోన్ని.

పిల్లనిచ్చే మామ పాల్వంచ దిక్కే ఓ ఫ్యాక్టరీల ఫిట్టరు. "అల్లునికి మెషిన్ పని తెలుసట" అన్న ఒక్క ముక్కకే సంబంధం ఖాయం చేసిండు. అసొంటి మామ ముంగట నా బండి నేనే నడుపుకుంట దిగాలె గదా!

"పెండ్లికొడుకు స్టీరింగ్ పట్టుడేందిరా?" అన్నడు చిన్నాయన. విన్ననా? బుగ్గ మీద చుక్కతోటి, కొత్త తెల్లబట్టలతోటి డ్రైవర్ సీట్ల కూసున్న.

ముహూర్తం పదకొండున్నరకు. మాఘమాసం, గజగజ వణికే చలి. తెల్లారంగనే బయల్దేరినం. ఆ బండికి ఇంజన్ డ్రైవర్ పక్కన, సీట్ల నడుమ ఓ రేకు మూత కింద ఉంటది. ఆ మూత మీద మా నానమ్మ ఇప్పనూనె డబ్బ పెట్టింది. మా ఇంట్ల పెండ్లి దీపం ఇప్పనూనెతోనే వెలగాలె. చలికి ఆ నూనె నెయ్యి లెక్క గడ్డకట్టింది.

"ఇంజన్ కాకకు కరుగుతది తియ్ బిడ్డా" అన్నది నానమ్మ. ఆమె తెలివిని నేను గూడ మెచ్చుకున్న.

అడివి నడుమ ఓ వాగు కాడ కాళ్లు సాపుకుందామని ఆగినం. చూస్తే, బండి కింద ఇసుకల నల్లటి చుక్కలు!

"ఇంజన్ ఆయిల్ కారుతున్నది!" అని ఒర్లిన.

"కారితే కారనియ్యిరా. ముందు పెండ్లికి పోదాం పా."

"ఆయిల్ లేకుంట నడిపితే ఇంజన్ పట్టేస్తది చిన్నాయనా. అప్పుడు నన్ను మోసుకపోతవా?"

గేజి పుల్ల గుంజి చూసిన. ఆయిల్ నిండుగున్నది. బుద్ధున్నోడైతే ఆడనే ఆగుతడు. నేనేమన్ననో తెలుసా? "చూసిన్రా, ఇప్పుడిప్పుడే మొదలైంది. నేను గాబట్టి టైముకు పట్టిన!"

ఇంజన్ నెత్తి మీద టోపీ లెక్క టాపెట్ కవర్ ఉంటది. దాని కింద ఆయిల్ బయటికి రాకుంట కార్కు ప్యాకింగు ఉంటది. అదే పోయిందని తీర్పు చెప్పిన. నూనె డబ్బ తీసి పక్కకు ఆకుల మీద పెట్టి, రేకు మూత ఎత్తి, బోల్టులన్ని విప్పిన. కవర్ రాలే. స్క్రూడ్రైవర్ దూర్చి లేపిన. కార్కు బిస్కిట్ లెక్క పొడిపొడి అయింది.

"అగో, పోయిందంటే విన్నరా?" అని పొడి చూపిచ్చిన. పోగొట్టింది నేనేనని ఎవరికి ఎరుక?

నానమ్మకు ఎరుక. "ఓ బంగారం, జర గిటు రా" అని పిలిచి ఇప్పనూనె డబ్బ పైకి లేపింది. కింద ఆకులల్ల నూనె మడుగు కట్టింది. "గిది గూడ నీ ఇంజనేనా?"

డబ్బ అడుగున అతుకు ఊడింది. కరిగిన నూనె ఇంజన్ మసిని కడుక్కుంట దిగి నల్లగ చుక్కలు పడ్డది. కోతిపుండు బ్రహ్మరాక్షసి అంటరు గదా, ఈడ పుండే లేదు, కోతి మాత్రం ఉన్నది.

చిన్నాయన నవ్వలే. గడియారం చూసిండు. "మంచిగున్న ఇంజన్‌ను ఖరాబు చేసినవ్. ఇగ ఆడ పిల్ల ఒక్కతే పీటల మీద కూసుంటదా?"

అప్పుడు గాని నాకు తెలివి రాలే. ప్యాకింగు లేకుంట కవర్ బిగిస్తే ఉన్న ఆయిలంత బయటికి చిమ్ముతది. ఆ తొవ్వల బస్సు ఎప్పుడొస్తదో దాని డ్రైవర్‌కే తెల్వదు. ముస్తాబై నా కోసం చూసే ఆ పిల్ల మొహం యాదికొచ్చి కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

"మందం అట్ట కావాలె! ఎవరి దగ్గరన్న ఉన్నదా?"

నానమ్మ సంచిల మిగిలిన శుభలేఖలు ఉన్నయి.

"పసుపు పెట్టిన కార్డులురా! కోస్తే అశుభం!" అన్నడు చిన్నాయన.

"పెండ్లే తప్పిపోతే కార్డులు నాకుతమా?" అన్నది నానమ్మ. "కొయ్యి బిడ్డా. మీ ఇద్దరి పేర్లు మాత్రం కొయ్యకు."

గడ్డం బ్లేడుతోటి పేర్లు తప్పిచ్చి అంచులు కోసిన. గ్రీజు పూసి కార్డు మీద కార్డు అతికిచ్చి, మేకుతోటి తూట్లు పొడిచి, కవర్ పెట్టి బిగిచ్చిన. స్టార్ట్ కొట్టి అంచు పొంటి వేలు తిప్పిన. తడి లేదు! ఇప్పటికీ ఆ పని తలుచుకుంటే నా ఛాతి రెండు జానలు ఉబ్బుతది.

ముహూర్తానికి పావుగంట ముందు పోయి దిగినం. డబ్బల కరగకుంట మిగిలిన నూనె గడ్డతోనే నానమ్మ పెండ్లి దీపం ముట్టిచ్చింది. చేతుల నలుపు సబ్బుకు లొంగలే. ఆ చేతులతోనే జీలకర్ర బెల్లం పెడితే పిల్ల పాపిట్ల నా వేళ్ల అచ్చులు పడ్డయి. ఏం చేసిందనుకున్నరు? కిసుక్కున నవ్వింది.

తాళి కట్టినంక మామ బండి కాడికి వచ్చిండు. మూత ఎత్తి వంగి చూసిండు. "ఈ ప్యాకింగు ఎవరు కోసిన్రు?"

"నేనే మామా. శుభలేఖలతోటి."

ఆయన గుడ్డతోటి అంచంత తుడిచి, ఇంజన్ స్టార్ట్ చేపిచ్చి, చానాసేపు చూసిండు. చుక్క కారలే. నా భుజం చరిచి "శభాష్! ఇంతకు ముందుగాల ఏడ కారింది?" అన్నడు.

అబద్ధం నాలిక దాంక వచ్చింది. కాని అగ్ని ముంగట చేసిన ప్రమాణాలు ఇంక వేడివేడిగనే ఉన్నయి. "ఏడా కారలే మామా" అని జరిగిందంత చెప్పిన.

మామ గట్టిగ నవ్వి, పందిట్ల ఉన్నోళ్లందరికీ వినబడేటట్టు అన్నడు: "కారే ఇంజన్లు బాగుచేసెటోళ్లను మస్తుమందిని చూసిన. కారని ఇంజన్‌ను గూడ కారకుంట చేసినోడు నా అల్లుడొక్కడే!"

ఆ పందిట్లనే గట్టిగ ఒట్టు పెట్టుకున్న, ఇగ నా పెండ్లికి పోయేటప్పుడు తొవ్వల ఇంజన్ విప్పనే విప్పనని. ఇన్నేండ్లాయె, ఆ ఒట్టు తప్పలే. తప్పుదామన్నా మా ఆమె ఇంకో పెండ్లి చేసుకోనిస్తదా!