శెట్టి మెచ్చిన బొంబాయి హోటళ్ళు

1954. ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చింది, కర్నూలు రాజధాని అయింది. ఆ ఏడు నేను ఆదోనిలో ఒక చిన్న ఆసుపత్రిలో మగవాళ్ళ వార్డు నర్సుగా ఉన్నాను. మాది ఎమ్మిగనూరు. అమ్మానాన్నలు కూలికి పోయి బతికినవాళ్ళు. బడి పెట్టిన పాదిరీల పుణ్యమా అని నాకు నర్సు చదువు అబ్బింది. పత్తి కాలంలో జిన్నింగు మిల్లుల నుంచి దూది నుసి కొట్టుకొచ్చి కిటికీల మీద పేరుకునేది. పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి మళ్ళీ తెల్లగా ఉండేది. నా విసుగులో సగం ఆ తుడవడానికే పోయేది. మిగతా సగం వీరన్నశెట్టికి దాచిపెట్టుకునేదాన్ని.

శెట్టి పత్తి దళారి. ఆదోని పత్తి మచ్చులు, అంటే నమూనాలు, మూటగట్టుకుని ఏటా బొంబాయి పోయి, బేరాలన్నీ అయ్యేదాకా నెలల తరబడి అక్కడే ఉండేవాడు. కడుపులో గడ్డతో మా దగ్గరికి వచ్చాడు. డాక్టరుగారు కడుపు కోసి చూసి, మళ్ళీ కుట్టేశారు. ఇనాపరబుల్ అన్నారు, అంటే కోసి తీయడానికి వీల్లేనిదని. "ఉన్నన్నాళ్ళు ఆయనకు ఇష్టమైంది తిననివ్వు, మెత్తగా ఉంటే చాలు" అని నాకు చెప్పారు. అలాంటి తిండిని మేము సాఫ్ట్ డైట్ అంటాం. ఆ సంగతి ఆయన భార్య నాగమ్మకూ తెలుసు. తెలిసినప్పటి నుంచి ఆమెకు ఒకటే పట్టు, పోయేలోపు ఆయన ఒక్క పూటైనా ఇష్టంగా తినాలని.

ఆయన నోట్లోకి తిండి పోయేది తక్కువ, నోట్లోంచి బొంబాయి హోటళ్ళు వచ్చేది ఎక్కువ. వార్డంతా సగ్గుబియ్యం జావ తాగుతూ ఉంటే ఈయన దిండుకు ఆనుకుని మొదలుపెట్టేవాడు.

"గిర్గాంలో ఒక ఖానావళి ఉండాది. మరాఠోళ్ళది. జొన్న రొట్టె పెనం మీంది పెనం మీందే ఏస్తారు. పక్కన పచ్చిమిరక్కాయ, శెనిగిత్తనాలు ఏసి దంచిన కారెం. తింటే సెవుల్లో పొగొస్తాది సూడు."

"శెట్టిగారూ, పక్క మంచమాయన నాలుగు రోజులుగా నీళ్ళ మీద ఉన్నాడు. కొంచెం దయ చూడండి" అనేదాన్ని.

"ఇంగొకటి సెప్పి ఊరుకుంటా. కాల్బాదేవి సందులో గుజరాతీ బోజనం. సాలప్పా అని ఆకు మీద సెయ్యి అడ్డం పెడితే ఆ ముసిలోడు ఏళ్ళ సందుల్లోనుంచి నెయ్యి పోస్తాడు. మాటుంగాలో మనోళ్ళ హోటలు, సారు గ్లాసుతో అడిగి తాగల్ల. టేసన్ కాడ ఇరానీ హోటల్లో టీ పెట్టుకోని ఎంతసేపు కూసున్నా లెయ్యి అననోడు ఉండడు."

నవ్వాను. "లేవమననివాడు ఉండడంటే, అందరూ లెమ్మంటారనా?"

"నీకు మాట ఇరిసేది బాగ తెలుసమ్మా. ఎవురూ లెమ్మనరని" అని తనూ నవ్వాడు.

నాగమ్మ రోజూ మధ్యాహ్నం క్యారియరుతో వచ్చేది. నన్ను దాన్ని ముట్టనిచ్చేది కాదు. ఆ కాలం అట్లాంటిది, నేనూ పట్టించుకునేదాన్ని కాదు. మంచం పక్కన నేల మీద కూర్చుని, ఆ హోటళ్ళ కథలన్నీ తల వంచుకుని వినేది. ఆయన రెండు ముద్దలు తిని, "ఉప్పు సరిపోయింది" అని పక్కకు తిరిగేవాడు. అంతకు మించి ఒక్క మాట లేదు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారే, ఈ మనిషిని చూసే పుట్టించి ఉంటారని నాకు ఒళ్ళు మండేది.

ఒకరోజు వరండాలో నన్ను పట్టుకుంది. "నర్సమ్మా, ఆయప్పకి ఆ హోటళ్ళలో ఏది శానా ఇష్టమో మెల్లగా అడుగు. నేను ఎట్లనో సేసి తెస్తా. ఇన్నేండ్లు కాపురం సేసినా, నా సేతి కూడు బాగుందని ఒక్కనాడు అన్ల్యా. అనకుంటే పాయె, పోయేటప్పుడైనా నోటికి ఇంపైంది తిననీ."

ఒంటరిగా ఉన్నప్పుడు అడిగితే ఆయన మళ్ళీ ఆ హోటళ్ళ కథలే చెప్పాడు, అవే ఆమెకు చెప్పాను. అప్పటి నుంచి ఆమె తన వంట మానేసి హోటలు వంట మొదలుపెట్టింది. బొంబాయి పోయివచ్చిన ప్రతి గుమాస్తానూ ఇంటికి పిలిపించి, ఎట్లా వండుతారో అడిగేది. పాపం, వాళ్ళు తినేవాళ్ళే గాని వండేవాళ్ళా? తీపి పప్పు తెచ్చింది. బెల్లం వేసిన సారు తెచ్చింది. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని ఆమె ముఖం వైపు చూసి మింగేవాడు. "ఉప్పు సరిపోయింది." తరవాత ఒక ముద్ద, మరుసటి వారానికి అదీ లేదు.

ఒక మధ్యాహ్నం నాగమ్మ వచ్చి వెళ్ళాక నేను వార్డు చివర బల్ల దగ్గర కూర్చుని నా డబ్బా విప్పాను. శెట్టి మంచం మీంచి తల ఎత్తాడు.

"ఉగ్గాని కదా అది?"

ఉగ్గాని తెలియనివాళ్ళకు చెప్తాను: బొరుగులు నీళ్ళలో నానేసి, నీళ్ళు పిండేసి, ఉల్లిగడ్డ తిరగమోతలో కలిపి, పైన పుట్నాలపప్పు పొడి చల్లుతారు. మా వైపు పేదాగొప్పా తేడా లేకుండా పొద్దున పూట తినేది అదే.

"అవును, పొద్దున చేసింది."

"పుట్నాలపొడిలో ఎండుకొబ్బెర ఏసినావా?"

"లేదండీ."

"నాగమ్మ ఏస్తాది" అన్నాడు. "గిర్గాం రొట్టె ఎందుకు బాగుంటాదనుకున్నావు? అది నాగమ్మ రొట్టె మాదిరి ఉంటాది. అందుకని వెతుక్కోని పోతాంటి. ఆ గుజరాతీ ముసిలోడు సెయ్యి అడ్డం పెట్టినా ఏస్తాడు, ఈమె కూడా అంతే. ఊరు గాని ఊర్లో నెలలు నెలలు, ఇంటి కూడు యాదికొస్తే ఏం సేసేది? దానికి దగ్గిరుండే హోటలు యాడుందా అని తిరిగేది. ఉగ్గాని మాత్రం యాడా దొరకల్యా" అన్నాడు.

నేను తినడం మానేశాను. "ఆ మాట ఆమెతో ఎందుకు చెప్పరు?"

"ఇంటి కూటిని నోటితో మెచ్చకూడదమ్మా. దిష్టి తగుల్తాది. మా సిన్నాయన సంతర్పణలో పదిమందిలో పెండ్లాం వంటను మెచ్చినాడు, ఆ ఏడే ఆయమ్మ పోయింది. మా అమ్మ నాకు పెండ్లినాడే సెప్పింది. ఉప్పు సరిపోయిందంటే సాలు, అంతకు మించొద్దని. హోటలోన్ని ఎంత పొగిడితే ఏం? వానికి దిష్టి తగిల్తే ఇంగో వంటోన్ని పెట్టుకుంటాడు. నాకు యాడుంది ఇంగో నాగమ్మ?"

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "మెచ్చుకోవద్దులెండి, ఉగ్గాని కావాలని అడగొచ్చు కదా. అడగందే అమ్మైనా పెట్టదు."

"అమ్మ పెట్టదేమో. నాగమ్మ అడక్కుండానే పెడ్తాది. ఇన్నేండ్లూ అడిగింది లేదు. ఇప్పుడెందుకో బెల్లం సారు తెస్తాంది" అన్నాడు, నిజంగానే అర్థం కానట్టు. పైగా తన మాటలు ఆమెతో అనవద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు.

ఇచ్చిన మాట పోకుండా పని జరగాలని ఒక ఎత్తు వేశాను. ఆ సాయంత్రం నాగమ్మ మళ్ళీ వస్తే, "డాక్టరుగారు ఆయనకు ఉగ్గాని పెట్టమన్నారు, మిరపకాయ లేకుండా మెత్తగా. సాఫ్ట్ డైట్" అన్నాను.

ఆమె నా వైపు విచిత్రంగా చూసింది. "బొరుగులా? బొంబాయంతా తిని వచ్చినాయప్పకి కడాకు బొరుగులు పెట్టి పంపీల్నా? నా మొగానికి సిగ్గు కాదా తల్లీ? మా అన్నకొడుకు ఎల్లుండి బొంబాయి మెయిల్లో వస్తాండాడు. ఆ కాల్బాదేవి సందులోనుంచి మిఠాయి తెమ్మని సెప్పి పంపినా. అది తిన్నాక, ఆ మర్నాడు ఉగ్గాని సేస్తాలే."

"ముందు ఉగ్గాని చేయండమ్మా, మిఠాయి తరవాత" అని గట్టిగానే అన్నాను. ఆమె వినలేదు. తన చేతి వంట మీద ఆమెకు అంత చిన్నచూపు ఎట్లా వచ్చిందో నాకు తెలుసు, చెప్పడానికి లేదు.

మిఠాయి వచ్చింది. శెట్టి దాన్ని కొసన కొరికి పక్కన పెట్టాడు. ఆ మరునాడు పొద్దున్నే నాగమ్మ ఉగ్గాని తెచ్చింది. మూత తీయగానే ఎండుకొబ్బరి వాసన వార్డంతా వచ్చింది. అప్పటికే ఆయనకు స్పృహ సగం తప్పింది, గుటక పడటం లేదు. అయినా ముక్కుపుటాలు కదిలాయి, కళ్ళు తెరిచి డబ్బా వైపు చూశాడు. నేనూ చూశాను, ఆమె కూడా చూసింది.

"నోట్లో పెట్టనా నర్సమ్మా? ఒక్క మెతుకు" అంది.

ఆ స్థితిలో తిండి పెడితే అది గొంతు దాటి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆస్పిరేషన్ అంటాం. మనిషి ఊపిరాడక కొట్టుకుని పోతాడు. నేను నేర్చుకున్న పని అది, నా నోటితో నేనే వద్దన్నాను. ఆమె ఆ డబ్బాను ఆయన ముఖం దగ్గర పట్టుకుని కూర్చుంది. ఎండ ఎక్కేసరికి శెట్టి పోయాడు.

ఆయనే పోయాక ఇంక ఇచ్చిన మాటేముంది, మంచం పక్కనే నాగమ్మకు అంతా చెప్పాను. గిర్గాం రొట్టె, ముసలాయన నెయ్యి, వాళ్ళ చిన్నాయన కథ, అన్నీ. ఆమె ఏడవలేదు. చాలాసేపు ఆయన పాదాల వైపు చూసి, "దిష్టికి బయపడినాడా?" అంది. "ఇన్నేండ్లు నన్ను కాపాడుకున్నాననుకున్నాడు, పాపం. నేను ఇన్నేండ్లూ పొయ్యికాడ సచ్చి బతికితిని."

అప్పటి నుంచి ఉద్యోగం విడిచేదాకా నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఏం తినాలని ఉందని రోగిని ఒంటరిగా అడగను. ఇంటివాళ్ళు పక్కన ఉన్నప్పుడే, వాళ్ళ చెవిన పడేటట్టు అడుగుతాను. దిష్టి అని ఎవరైనా గొణిగితే, తగిలితే నాకే తగలనివ్వండి అంటాను. ఇది నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. నేర్పిన శెట్టికి మాత్రం అది ఉపయోగపడలేదు, అదే నా బాధ.

కర్మలన్నీ అయ్యాక నాగమ్మ ఒకసారి ఆసుపత్రికి వచ్చింది. చేతిలో క్యారియరు లేదు. వరండా బల్ల మీద నా పక్కనే, కొంగు తగిలేంత దగ్గరగా కూర్చుంది.

"ఆయప్ప ఆ బొంబాయి హోటళ్ళ సంగతి సెప్తాండె కదా. అప్పుడు నేను తల వంచుకోని కోపంతో ఇన్నా. సరిగ్గా ఇన్ల్యా. మళ్ళొకసారి సెప్పు తల్లీ" అంది.

గిర్గాం ఖానావళితో మొదలుపెట్టాను.