కడుపునొప్పి అని చెప్పుకున్న జబ్బు

నా చిన్నప్పుడు పాల్వంచ కాలనీలో మా ఇంట్లో రొమ్ము అనే మాట ఎవ్వరూ పలకకపోయేటోళ్లు. మా అమ్మమ్మ రొమ్ములో గడ్డతోనే పోయింది. తర్వాత పెద్దమ్మకూ అదే వచ్చింది. కానీ చర్చి ఆడవాళ్ల కూడికలో ప్రార్థన అంశాలు అడిగితే, మా అమ్మ "అక్కకు కడుపునొప్పి" అని చెప్పేది. వంశంలో ఉన్నదని తెలిస్తే ఆడపిల్లలకు సంబంధాలు రావని భయం. పేరు పెట్టి అంటే జబ్బు ఇంకొకరిని పట్టుకుంటదని ఇంకో భయం. పాపం, కాలనీలో మా లైను ఆడవాళ్లంతా కండ్లు మూసుకొని పెద్దమ్మ కడుపు కోసం ఏడ్చి ప్రార్థన చేసిన్రు. పెద్దమ్మ దక్కలేదు.

ఆ ఏడే మా చిన్నమ్మ చేతికి తన రొమ్ములో గడ్డ తగిలింది. ఇంకా పెండ్లి కాలేదామెకు. అమ్మతో గుసగుసగా చెప్తుంటే విన్న. "దేవుని మీద భారం వెయ్యి. దవాఖానకు పోతే నలుగురికీ తెలుస్తది" అన్నది అమ్మ. ఇగ నాకు అన్నం సయించలేదు. చిన్నమ్మ కూడా పోతదేమో, ఆమె తర్వాత నా వంతేనేమో అని ఒకటే భయం.

మళ్లా కూడికలో అమ్మ "మా చెల్లెకు కడుపు..." అన్నదో లేదో, చిన్నమ్మ లేచి నిలబడ్డది.

"కడుపు కాదు. రొమ్ములో గడ్డ. అమ్మకు గదే, పెద్దక్కకు గదే. దేవునికి గూడ అబద్ధం చెప్తే ఎట్లనే అక్కా? రేపు దవాఖానకు పోతున్న. గందుకు ప్రార్థన చెయ్యండి."

ఎవ్వరూ ఆమెన్ అనలేదు. చాయ్ కూడా తాగకుండా లేచిపోయిన్రు. అమ్మ నోట్లో కొంగు కుక్కుకొని కూర్చున్నది.

తెల్లారి చిన్నమ్మతో బస్టాండుకు పోతే, కూడిక నడిపే పాస్టరమ్మ మాకంటే ముందే వచ్చి ఉన్నది. "నాకూ ఏడాదిగా ఉన్నది పిల్లా, నన్నూ తోల్కపో" అని చిన్నమ్మ చెయ్యి పట్టుకున్నది. అయ్యో, అంతమందికి ప్రార్థన చేసిన మనిషి! చిన్నమ్మకు గడ్డ తీసేసిన్రు. బతికింది, నా పిల్లలకు నీళ్లు కూడా పోసింది. పాస్టరమ్మకు మాత్రం ఆలస్యమైపోయింది.

ఇప్పుడు నాకే వచ్చింది. వంశంలో దిగిందేమో చూసేటందుకు నా బిడ్డకూ మనవరాలికీ రక్తపరీక్ష చేయించమన్నరు డాక్టర్లు. రిపోర్టులు ఇంకా రాలేదు, ఫోను మోగితే చాలు చేస్తున్న పని ఇడిసి ఉరుకుతున్న. "నీ మనవరాలికి సంబంధాలు చూస్తున్నం, కూడికలో అనకే అమ్మా" అని బిడ్డ బతిమాలింది. మా అమ్మ భయమే దానికీ వచ్చింది మరి.

నిన్న మనవరాలిని తోల్కొని కూడికకు పోతే నా వంతు వచ్చింది. నిజం చెప్తున్న, కడుపునొప్పి అనే మాటే నోటిదాకా వచ్చింది. చిన్నమ్మ నిలబడ్డ తీరు యాదికొచ్చింది. "నాకు రొమ్ములో గడ్డ" అన్న.

ఆమెన్ అన్నది నా మనవరాలొక్కతే.