ఎనిమిది ప్యానెళ్లకు గడప రంగు

ఆ సూపర్‌వైజర్ మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. పోవాలని కూడా లేదు.

మా ఓనరు మార్కాపురం వ్యాపారస్తుడు. పుల్లలచెరువు అవతల అడవి అంచు ఊళ్లకు వైర్లు లేకుండా ఇంటర్నెట్ ఇచ్చే చిన్న కంపెనీ పెట్టాడు. అక్కడి గుట్ట మీద ఒక స్తంభం, దానికి రెండు రేడియోలు, కింద పెట్టెలో బ్యాటరీలు, పక్కన ఎనిమిది సోలార్ ప్యానెళ్లు. కరెంటు లైను అక్కడికి రాదు. పగలు ఎండకు బ్యాటరీలు నిండితేనే మర్నాడు పొద్దెక్కేదాకా రేడియోలు నడుస్తాయి. ఆ గుట్ట నా బాధ్యత. వారానికి రెండుసార్లు నీళ్ల బిందె భుజానికెత్తుకుని ఎక్కి, ప్యానెళ్లు కడిగి, ఛార్జింగ్ చూసి దిగేవాణ్ణి.

ఆ ఏడు దసరాకు ఆయుధపూజ గుట్ట మీద చేద్దామన్నాడు సూపర్‌వైజర్. ఓనరుకు దేవుడంటే భక్తి, ఈయనకు ఓనరంటే భక్తి. మామూలు పసుపు కుంకుమలైతే నాలుగు రోజుల్లో రాలిపోతాయని, గడపలకు వేసే పసుపు పెయింటూ ఎర్ర పెయింటూ డబ్బాలతో తెచ్చాడు. ప్రతి ప్యానెల్‌కూ కింది అంచున బెత్తెడు పట్టీ పసుపు పూసి, దాని మీద ఎర్రగా బొట్లు పెట్టి, ఫోటోలు తీయించుకుని ఓనరుకు పంపాడు. అబద్ధమెందుకు, నేనూ చెప్పులు విడిచి దణ్ణం పెట్టాను. ముచ్చటగానే ఉన్నాయి మరి!

వారం తిరక్కముందే తెల్లవారేసరికి బ్యాటరీలు ఖాళీ అవడం మొదలైంది. నెట్టు లేకపోతే రేషన్ మిషన్ వేలిముద్ర తీసుకోదు. సంచులు పట్టుకుని ఎండలో నిలబడ్డ జనం నన్ను చూస్తే చాలు, తిట్టిపోసేవాళ్లు. ఒక అవ్వయితే నా నోట్లో మన్ను పడాలని దుమ్మెత్తి పోసింది.

మీటర్ పెట్టి చూస్తే రావలసిన కరెంటులో సగం కూడా రావడం లేదు. ప్యానెల్‌లో ఒక్క వరుస గడులు కప్పేసినా మిగతావీ మందగిస్తాయి. పెయింటు గీకేస్తానని సూపర్‌వైజర్‌కు ఫోన్ చేశాను.

"దేవుడి బొట్టు మీద చెయ్యేస్తావా? ఓనరుకు తెలిస్తే నీ గతేంది?" అన్నాడు.

భయపడి ఊరుకున్నాను. నా అంత వెర్రివెధవ ఇంకొకడుండడు. ఊరుకున్నందుకు ఆ పెద్దమనిషి చేసిందేమిటంటే, నేను గుట్టే ఎక్కడం లేదని, దుమ్ము కడగక సైటు పాడుచేశానని ఓనరుకు చెప్పాడు. సోమవారం నుంచి రావద్దని కబురొచ్చింది.

ఆ పని పోతే నాకు మిగిలింది పలకల గని. మా నాయన ముప్పై ఏళ్లు అక్కడ రాయి కోసి, ఆ దుమ్ముకు ఊపిరితిత్తులు పాడై మంచాన పడ్డాడు. రాత్రంతా ఆయన దగ్గు వింటూ పడుకునేవాణ్ణి నేను. నన్నూ ఆ దుమ్ములోకి తోయబోయాడు వాడు, తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి.

మార్కాపురం పోయి, దుకాణం ముందు నిలబడి, ఒక్కసారి గుట్టకు రమ్మని ఓనరు చేతులు పట్టుకున్నాను. మర్నాడు పదకొండింటికి సూపర్‌వైజర్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. మీటర్ ఆయన చేతికే ఇచ్చి, ఒక ప్యానెల్ నుంచి ఎంత కరెంటు వస్తోందో చూపించాను. తర్వాత దాని మీది పెయింటును థిన్నర్‌తో తుడిచి, అదే తీగకు మీటర్ పెట్టి మళ్లీ చూడమన్నాను. అంకె రెట్టింపు దాటింది. బొట్టు పెట్టాలనుకుంటే ఇకనుంచి స్తంభానికి పెట్టుకుందామని కూడా చెప్పాను.

ఓనరు మీటర్ నా చేతికిచ్చాడు. సూపర్‌వైజర్ వైపు తిరిగాడు.

"పూసింది నువ్వే కదా, నువ్వే గీకు. ఈ అబ్బాయి బాగుందంటేనే దిగు." ఆ మాట అని, నన్ను సోమవారం కూడా పనికి రమ్మని చెప్పి, కిందికి దిగి కారులో కూర్చున్నాడు.

సూపర్‌వైజర్ ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి, థిన్నర్ గుడ్డా బ్లేడూ పట్టుకుని మొదలుపెట్టాడు. ప్యానెల్ అంచులు కాలిపోతున్నాయి. బిందెలో నీళ్లున్నాయి, తాగమని నేను అనలేదు. మిగిలిన ఏడూ పూర్తయ్యేసరికి మోచేతుల దాకా పసుపు, చొక్కా మీద ఎర్ర మరకలు. మీటర్‌లో రావలసినంత కరెంటూ వస్తోంది.

"ఇంక చాలా నాయనా?" అన్నాడు. నన్ను అట్లా పిలవడం అదే మొదటిసారి.

"లేదు సార్, ఇంకా తక్కువే చూపిస్తా ఉంది. మొదటి దాని కాన్నుంచి ఇంకోసారి తుడవండి" అన్నాను.

గుడ్డ తడుపుకుని మళ్లీ మొదటి ప్యానెల్ దగ్గరికి పోయాడు. నేను మీటర్ ఆపేసి జేబులో పెట్టుకుని, స్తంభం నీడలో కూర్చున్నాను.