తమ్ముడి కణాలు మేలుకున్న రోజు

పిస్కాటవే ఊళ్లోని తెలుగు చర్చికి ఎవరు వెళ్లినా మొదట కనబడేది లూసీ గారే. గుమ్మం దగ్గర నిలబడి, వచ్చినవాళ్లందరి చేతులూ పట్టుకుని "వందనాలండీ" అనడం ఆవిడకు ఎవరూ అప్పగించని ఉద్యోగం. ఆవిడ చేతిని తప్పించుకుని లోపలికి వెళ్లిన మొనగాడు లేడు. అలాంటి మనిషికి బ్లడ్ క్యాన్సర్ వచ్చింది.

కీమో జబ్బు కణాలతో పాటు ఎముకల్లోని మూలుగను కూడా ఖాళీ చేసింది. రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు పుట్టేది అక్కడే. పక్క ఊరు ఎడిసన్‌లో ఉండే తమ్ముడు వినయ్ కుమార్ రక్తాన్ని పుట్టించే మూలకణాలు ఆవిడకు సరిపోలితే అవి ఎక్కించారు. అవి కుదురుకుని కొత్త రక్తం తయారుచేశాయి గానీ, లూసీ ఒళ్లు ఇన్నేళ్లుగా రోగాల గురించి నేర్చుకున్నదంతా దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. భుజం మీద చిన్నప్పటి టీకా మచ్చ మాత్రం మిగిలింది.

"అంటే పసిపిల్లల టీకాలన్నీ నాకు మళ్లీ వేస్తారా?" అని ఆవిడ డాక్టరును అడిగింది. వేస్తారట. అవి పనిచేశాయని రక్తపరీక్షలో తేలేవరకు జనంలోకి వెళ్లకూడదట.

ఆదివారాలు భర్త దైవాశీర్వాదం చర్చి పార్కింగ్‌లో కారు ఆపేవాడు. లూసీ కారు అద్దాలు మూసుకుని, ఫోన్‌లో ఆరాధన వింటూ, తన పాట అక్కడే పాడేది. పలకరించడానికి వచ్చినవాళ్లు అద్దం మీద అరచేయి ఆనిస్తే, లోపలి నుంచి తన చేయి ఆనించేది. చల్లటి గాజు తగిలేది. ఆవిడకు అది ఏ మూలకూ చాలేది కాదు.

కొన్ని నెలలకు టీకాలు మొదలయ్యాయి. మొదటి విడత తర్వాత పరీక్ష చేస్తే టీకా పనిచేసిందని చూపే యాంటీబాడీల జాడే లేదు. లూసీ ఇంటికొచ్చి భోరున ఏడ్చింది. ఏడవడం అయ్యాక తమ్ముడికి ఫోన్ చేసి తిట్టింది.

"ఒరేయ్, నీ సెల్స్ కదరా! వీకెండ్ వస్తే మధ్యాహ్నం దాకా మంచం దిగవు. అవి మాత్రం ఎందుకు లేస్తాయి?"

"నేను లేట్‌గా లేస్తానేమో గానీ అక్కా, లేచాక పని వదలను. డాక్టర్ చెప్పిన ఇంకో డోస్ వేయించుకో."

వేయించుకుంది. ఈసారి భుజం వాచి, చేయి పైకి లేవలేదు. దైవాశీర్వాదం కంగారుగా క్లినిక్‌కి ఫోన్ కలుపుతుంటే, ఆవిడ ఆ వాపును తడిమి చూసుకుని మురిసిపోయింది.

"నొప్పెట్టనివ్వండి. లోపల ఎవరో నిద్ర లేచారు."

వాపును చూసి ఏమీ చెప్పలేమని, పరీక్ష దాకా ఆగమని నర్సు అంది. ఆగారు. చివరికి డాక్టరే స్వయంగా ఫోన్ చేశాడు. యాంటీబాడీలు పుష్కలంగా ఉన్నాయి. కొత్త కణాలు పాఠం నేర్చుకున్నాయి.

ఆ ఆదివారం లూసీ పట్టుచీర కట్టుకుని గుమ్మం దగ్గర తన చోట నిలబడింది. వచ్చినవాళ్లు ఆవిడను చూసి తబ్బిబ్బయ్యారు. కానీ తమ వల్ల ఆవిడకు ఏం అంటుకుంటుందోనన్న భయంతో చేతులు వెనక్కి కట్టుకుని అంత దూరంలోనే ఆగిపోయారు. ఆవిడే చేయి చాపింది.

"పట్టుకోండి, ఏం పర్లేదు. డాక్టర్ ఓకే చేశారు. వందనాలండీ!"

ఒక్కరిని కూడా వదలకుండా చేతులు కలిపి లోపలికి పంపింది. మొదటి పాట అయిపోవస్తుండగా వినయ్ నిద్రకళ్లతో మెట్లెక్కాడు. లూసీ ఇంకా గుమ్మంలోనే ఉంది.

"సారీ అక్కా, లేట్ అయింది."

తిట్టబోయినదల్లా వాడి రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. కళ్ల నిండా నీళ్లు, ముఖం నిండా నవ్వు.

"వచ్చావు కదరా, చాలు. వందనాలు" అంది. తర్వాత వాడి చేయి వదలకుండానే లోపలికి నడిచి, రెండో పాట గొంతెత్తి పాడింది.