డిగ్రీకి అరవై

పూడిమడక నా పుట్టిల్లు, అనకాపల్లి అత్తారిల్లు. ఇరవై ఏళ్ళకు పైగా పొద్దున్నే పూడిమడక వెళ్ళి, మా అన్న పడవ తెచ్చిన చేపలు బుట్టకెత్తుకుని అనకాపల్లి మార్కెట్లో అమ్మాను. ముప్పై ఎనిమిదో ఏట అక్షరాలు దిద్దాను. నలభై ఆరో ఏట ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టాను. "ఈ వయసులో ఉద్యోగం ఇత్తారేటే?" అని మార్కెట్లో అడిగిన ప్రతివాళ్ళకూ ఒకటే జవాబు చెప్పాను. "ఇవ్వకపోతే సదవకూడదేటి?"

ఆదివారం క్లాసులుండేవి. సోషల్ చెప్పే మాస్టారు నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు. మంచివాడే గాని, మా మీద జాలి ఎక్కువ.

"అక్షాంశాలు, రేఖాంశాలు మీకు కష్టమండి. రెండు మార్కుల ప్రశ్న. వదిలేద్దాం," అన్నాడు ఒకరోజు.

"కష్టమో కాదో మేం సెప్తాం. మీరు పాఠం సెప్పండి బాబూ," అన్నాను.

ఆయన బీరువా తాళం తీయించి గ్లోబు తెచ్చాడు. అడ్డంగా ఉన్న గీతలు అక్షాంశాలు. చేతికి వేసుకునే గాజుల్లాంటివి. భూమి నడుం దగ్గర గాజు అన్నిటికంటే పెద్దది, అది సున్నా. పైకీ కిందకీ పోయేకొద్దీ గాజులు చిన్నవవుతాయి. ఒకదాన్నొకటి ఎక్కడా తాకవు. కొసకు పోతే తొంభై డిగ్రీలు. నిలువు గీతలు రేఖాంశాలు. అవి బత్తాయి తొనల మధ్య గీతల్లాంటివి. అన్నీ ఒకే పొడుగు, పైనా కిందా ఒక్కచోట కలుస్తాయి. ఏ ఊరికైనా ఒక అడ్డగీత, ఒక నిలువుగీత చెబితే చాలు, రెండూ కలిసే చోటే ఆ ఊరు.

నాకిది కొత్తగా అనిపించలేదు. మా నాన్న సముద్రంలో చేపల చోటు గుర్తుపెట్టుకునేది ఇలాగే. కొండ కొసకు తిన్నగా తాటిచెట్టు వస్తే ఒక గీత. చర్చి గోపురానికి తిన్నగా ఇంకో కొండ వస్తే రెండో గీత. ఆ రెండూ కలిసిన చోట వల వేసేవాడు. ఒడ్డు కనిపించినంత దూరం ఆ లెక్క చెల్లేది. ఈ గీతలైతే ఒడ్డు కనిపించకపోయినా చెల్లుతాయి.

"నడుం దగ్గర సున్నా సరే, భూమి తిరగడం వల్ల వచ్చింది. నిలువు సున్నా ఎవరు పెట్టేరు?" అని అడిగాను.

"ఇంగ్లండు మీదుగా పెట్టారండి. అప్పట్లో వాళ్ళ ఓడలూ వాళ్ళ పటాలూ ఎక్కువ. కొన్ని దేశాలు కూర్చుని ఒప్పుకున్నాయి."

"మనల్ని అడిగేరా?"

క్లాసంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. "అడగలేదండి. ఎక్కడ పెట్టుకున్నా లెక్క ఒకటే. పూడిమడక మీదుగా పెట్టుకున్నా నడుస్తుంది," అన్నాడు. ఆ మాటతో నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. అనకాపల్లీ పూడిమడకా రెండూ దాదాపు ఎనభై మూడో రేఖాంశం మీదే ఉన్నాయని కూడా ఆయనే చూపించాడు. అంటే ఇన్నేళ్ళూ నేను బుట్టతో ఒకే గీత వెంట పైకీ కిందకీ తిరిగాను. ఇక ఒక్కో డిగ్రీని అరవై ముక్కలు చేస్తారనీ, ఒక్కో ముక్కను నిమిషం అంటారనీ చెప్పి ఆ రోజు పాఠం ముగించాడు.

ఆ వారంలోనే మా అన్న వల పోయింది.

సముద్రంలో ఇంజను ఆగిపోయి, గాలి లేచింది. వరసకు మాకు బావయ్యే మనిషి పడవ అటుగా వచ్చి మా వాళ్ళను తాడు కట్టి లాక్కొచ్చింది. వల లాగే వీలు లేక, దానికి లంగరు వేసి, నీళ్ళ మీద తేలే జెండా కట్టిన బోయా వదిలి వచ్చేశారు. బావ తన జీపీఎస్ మిషన్లో చూసి ఆ చోటు చెప్పాడు: పదిహేడు ఇరవై నాలుగు, ఎనభై మూడు పన్నెండు. ఇంజను బాగయ్యాక అన్న, ఆ రోజు ఇంట్లోనే మరిచిపోయిన తన కొత్త మిషన్లో అవే అంకెలు కొట్టి వెళ్ళాడు. వల లేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. అప్పుడూ లేదు.

మూడో రోజు నేను బుట్టతో వెళ్ళేసరికి ఇసుకలో ఇద్దరూ కొట్టుకునేలా ఉన్నారు. ఆ రెండు మిషన్లూ ఫోనంత చిన్నవి, చెరొకరి చేతిలో ఉన్నాయి.

"దొంగ నెంబరిచ్చి నా వల నువ్వే ఎత్తుకెల్లేవు!" అన్నాడు అన్న.

"నీ పానం లాక్కొచ్చినోడిని నేను. నీ సిరుగుల వల నాకెందుకు బావా? మా ఇంటి ముసలిదానికి ఓణీ అయినా అవదు!"

"సాయంత్రం పెద్దల్లో పెడతాను. అక్కడ సెప్పు నీ ఎకసెక్కాలు."

పెద్దల్లో పెట్టారంటే రెండు ఇళ్ళకూ మాటలు తెగినట్టే. రేపు సముద్రంలో ఏ పడవ ఆగిపోయినా రెండోది రాదు. నాకు వల పోయినదాని కంటే దీనికే ఎక్కువ భయమేసింది.

"అన్నియ్యా, అక్కడ నీళ్ళెలా ఉన్నాయి?" అని అడిగాను.

"నీకెందుకే? నీళ్ళ రంగే వేరు. లోతు కూడా ఎక్కువ. అందుకే అంటన్నాను, ఈడు అబద్ధం సెప్పేడని."

"అబద్ధం కాదేమో. ఆ మిషన్లు రెండూ ఇలా ఇవ్వండి."

"ఆడదానివి, మిషను ముట్టుకుంటావేటి? పడవ మీద సామాను అది," అన్నాడు అన్న. మా ఊళ్ళో ఆడవాళ్ళు పడవ ఎక్కరు, పడవ సామాను ముట్టరు. పడవ తెచ్చిన చేపలు మాత్రం మోస్తారు, అమ్ముతారు.

"పడవ మునిగిపోతే నా మీద ఏసేయి. ఇలా తే," అని చెయ్యి చాపాను. అన్న కదల్లేదు. బావే ముందు తన మిషను నా చేతిలో పెట్టి, అన్న చేతిలోది కూడా లాక్కుని ఇచ్చాడు. బుట్ట బోర్లించి రెండిటినీ పక్కపక్కన పెట్టాను.

రెండిట్లోనూ నిలువు గీత ఒకటే, ఎనభై మూడు, పక్కన సున్నాలు. "సూసేవా, రెండూ ఒకటే," అన్నాడు అన్న.

"అడ్డగీత సూడు."

బావ మిషన్లో పదిహేడు, ఇరవై తొమ్మిదిన్నర. అన్న మిషన్లో పదిహేడు, నలభై తొమ్మిది. రెండూ ఒకే బుట్ట మీద ఉన్నాయి.

"అయితే ఒకటి పాడయ్యింది. ఈడిదే అయ్యుంటాది," అన్నాడు అన్న.

"పాడవలేదు. బావ మిషను డిగ్రీని అరవై ముక్కలు సేసింది. నీ మిషను వంద ముక్కలు సేసింది. అరవైలో ముప్పై అంటే సగం, వందలో యాభై అంటే సగం. ఇరవై తొమ్మిదిన్నరా నలభై తొమ్మిదీ ఒకటే సోటు. ఇక్కడ నిలువు గీతకి ముక్కలేం లేవు, సున్నాయే. అందుకే తేడా తెలీలేదు."

నేను సంచిలోంచి క్లాసు నోట్సు తీసి, వెనకపేజీ చింపి ఇసుకలో కూర్చుని లెక్క వేశాను. పన్నెండు అంటే అరవైలో అయిదో వంతు. వందలో అయిదో వంతు ఇరవై. ఇరవై నాలుగంటే దానికి రెట్టింపు, నలభై. కాగితం మీద పెద్దగా రాశాను: 17.40, 83.20.

"ఇదీ నీ మిషన్లో కొట్టాల్సింది. నువ్వు ఎల్లిన సోటు దీనికి దక్షిణంగా సానా దూరం. అందుకే లోతు."

"సేపలమ్ముకునేదాని మాట మీద డీజిలు తగలేయమంటావా?"

"రెండుసార్లు నీ మాట మీదే కదా తగలేసేవు. మూడోసారి నా మాట మీద తగలెయ్యి. వల లేకపోతే సాయంత్రం పెద్దల్లో నేనే సెప్తాను, తప్పు నాదని."

బావ పెద్దగా నవ్వి, "పద బావా, నేనూ వత్తాను. దొంగని పక్కనే ఉంచుకో," అన్నాడు. అన్న కాగితం తీసుకున్నాడు. మడత పెట్టకుండా, నోట కరుచుకుని పడవ తోశాడు.

ఆ పూట నేను అనకాపల్లి వెళ్ళలేదు. ఎండలో వలలు ఆరేసే కర్రల కింద కూర్చున్నాను. లెక్క తప్పితే ఈ ఒడ్డున మళ్ళీ నోరెత్తలేనని తెలుసు. నోట్సులో ఇంకో పేజీ మీద మళ్ళీ మళ్ళీ వేశాను. ప్రతిసారీ అదే వచ్చింది.

మధ్యాహ్నం దాటాక పడవ వచ్చింది. వల ఉంది. ఒక పక్క చిరిగింది, లోపలి చేపలు సగం కుళ్ళాయి. అయినా వల వచ్చింది. జనం మూగారు. బావ భుజం మీద చెయ్యి వేసి అన్న అందరితో అన్నాడు, "మా బావ నెంబరు సరిగానే ఇచ్చేడు. మిషనే తప్పు సూపించింది."

నేను జనాన్ని తోసుకుని ముందుకు వెళ్ళాను.

"మిషను తప్పు సూపించలేదు. నువ్వు తప్పు సదివేవు. డిగ్రీకి ఎన్ని నిమిషాలో సెప్పు అన్నియ్యా."

"ఇంత మందిలో ఏటే నీ గోల?"

"పొద్దున్న బావని ఇంత మందిలోనే దొంగన్నావు. సెప్పు."

బావ ఆకాశం వైపు చూస్తున్నాడు. అన్న వల ముడి విప్పుతూ, తల ఎత్తకుండా గొణిగాడు, "అరవై."

"ఇనపడలేదు," అన్నాను.