జేబులోకి వెళ్లిన రాక్షసుడు

సత్యనారాయణపురంలో ఆదివారం మధ్యాహ్నాలు మా చేత ఊహల్లో యుద్ధాలు చేయించే పెద్దాయన్ని మేమంతా మాస్టారు అనేవాళ్లం. కథ చెప్పడం, రాక్షసుల్ని దింపడం ఆయన వంతు. వీరులమో మాంత్రికులమో అయిపోయి, పాచికలు వేసి ఎదుర్కోవడం మా వంతు. రాక్షసులంటే కొండపల్లి కొయ్యబొమ్మలే. పదిమంది కూర్చుని భోంచేసేంత బల్ల మీద వాటిని నిలబెట్టి, యుద్ధానికి ముందు మా మొహాలు ఒక్కసారి చూసేవారు. ఎవరైనా దిగులుగా కనిపిస్తే చాలు, ఓ బొమ్మ చడీచప్పుడు లేకుండా ఆయన చొక్కా జేబులోకి వెళ్లిపోయేది.

ఆయనకి గుండె ఆపరేషన్ అయ్యాక మొదటిసారి ఆడిన రోజు, కథ నన్ను నడపమన్నారు. ఆయన వీరుడి ఎదుట ఐదు బొమ్మలు పెట్టాను. వాడిపోయిన ఆయన మొహం చూసి రెండు తీసేశాను.

ఆయన అరచెయ్యి చాపారు. "తిరిగి పెట్టెయ్యమ్మా. గెలిస్తే నేనే గెలవాలి గదా."

నాకు ఉక్రోషం వచ్చింది. "మరి ఇన్నేళ్లూ మేం గెలిచినవేంటండీ మాస్టారూ?"

ఆయన తల దించుకుని పాచికలు గలగలలాడించారు.

"అవి మీరే గెలిచారమ్మా. బల్ల ఇరుకైపోతోందని తీశానంతే."