పట్టాలు తీసేసిన దారిలో రెండు దెబ్బలు

ఆదివారం ఉదయం ఆరూ ఇరవైకి పక్కింటి యాదమ్మ నడకకు రమ్మని పిలిచింది. చెప్పులు వేసుకుని బయల్దేరాను. దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. రెండేళ్ల కిందట మా ఆయన పోయాక నమ్మగలిగితే బాగుండుననిపించింది గాని, నమ్మకం మాత్రం రాలేదు.

ఆయన పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీకి వ్యాగన్లు వెళ్లే రైలు లైను మీద గేట్‌మన్. ఆ పట్టాల పక్క నుంచే మా కాలనీ వాళ్లందరం నడిచి, గేటు దగ్గర లైను దాటి వెళ్లేవాళ్లం. వ్యాగన్లు కదిలేటప్పుడు ఆయన అందరినీ గేటు దగ్గర ఆపేవారు. లైను ఖాళీ అయ్యాక జెండా కర్రతో గేటు పైపు మీద రెండుసార్లు కొట్టేవారు. ఇక వెళ్లొచ్చని అర్థం.

తర్వాత వ్యాగన్లు ఆగిపోయాయి. పట్టాలు, గేటు తుక్కు కింద పోయాయి. ఇప్పుడది వాకింగ్ ట్రాక్. ఎర్రమట్టి, వేపమొక్కలు, సిమెంటు బెంచీలు. అయినా పాతవాళ్లం గేటున్న చోటికి రాగానే ఆగిపోతాం. వెనకొచ్చే, పక్క ఊరు ఇంద్రేశంలో కొత్త ఇళ్లలోకి వచ్చినవాళ్లు మమ్మల్ని గుద్దుకుంటుంటారు.

మిగతావాళ్లు కాసేపు ఆగి ముందుకు వెళ్తారు. నేను అక్కణ్నుంచే వెనక్కి తిరిగేదాన్ని. ఆయన కూర్చునే గది అవతల ఇంకా ఉంది. దాని ముందు నుంచి వెళ్లడం నా వల్ల అయ్యేది కాదు.

"నీ వెంబడి సగమే నడుస్తున్న అక్కా, నా షుగరు గూడ సగమే దిగుతుంది," అని యాదమ్మ రోజూ ఎత్తిపొడిచేది.

ఆ రోజూ ఆగాం. ఇనుము మీద కర్ర దెబ్బలు రెండు వినిపించాయి.

"లైను ఖాళీ. పా అక్కా, జల్దీ," అంటూ యాదమ్మ కదిలింది. నేనూ కదిలాను. గది దాటి ఇరవై అడుగులు వేశాక ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"గేటేడుందక్కా?" అంది యాదమ్మ.

మా వెనక వస్తున్న ఒకమ్మాయి చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి, "ఆంటీ, ఇందాక పైపు ఎవరు కొట్టారు?" అని అడిగింది. ఆమె ఇక్కడికి వచ్చి నెల కూడా కాలేదు.

వెనక్కి వెళ్లి వెతికాం. గదికి తాళం. కిటికీలోంచి చూస్తే ఒక చీపురు, మొక్కలకు నీళ్లు పట్టే రబ్బరు గొట్టం. చుట్టుపక్కల ఇనుప ముక్క లేదు. ఫ్యాక్టరీకి సెలవు.

యాదమ్మ గది వైపు తిరిగి, "ఓ బావా, కొట్టేదేదో రెండేండ్ల కిందనే కొట్టొద్దా? నా షుగరంతా ఖరాబైపాయె!" అంది. నాకు నవ్వొచ్చింది. ఆ గది ముందే నిలబడి నవ్వాను.

ట్రాక్ చివరిదాకా వెళ్లాం. అక్కడ ఇడ్లీ బండి ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. యాదమ్మ రెండు ప్లేట్లు తింది.

ఆ చప్పుడు ఎక్కణ్నుంచి వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. ఆ అమ్మాయి కూడా వింది కాబట్టి నా భ్రమ అనుకోవడానికీ లేదు. మళ్లీ వినిపించలేదు. నేనిప్పుడు సగంలో వెనక్కి తిరగడం లేదు.